ఆటో దొరకలేదండి

కురిడీకాయ తయారైందో లేదో చెప్పాలంటే ఆదిలక్ష్మి తరవాతే ఎవరైనా. అటక మీంచి దింపిన కాయని చెవిదగ్గర పెట్టుకుని రెండుసార్లు ఊపుతుంది. లోపల ఇంకా నీళ్ళుంటే గుబగుబమంటుంది. నీళ్ళింకిపోయి, కొబ్బరి చిప్పనుంచి విడివడితే లొడలొడమంటుంది. ఏడాదిపాటు అటక మీద పడున్న కాయలో ఏం జరిగిందో పగలగొట్టకుండా చెప్పెయ్యగలదు. మనుషుల విషయంలో కూడా తనకీ విద్య ఉందని ఆవిడ నమ్మకం. డెబ్భై ఏళ్ళొచ్చినా ఆ నమ్మకానికి ఎక్కడా బీట పడలేదు.

మంగళవారం మధ్యాహ్నం పెరటి అరుగు మీద కూర్చుని కాయలు ఊపుతోందన్నమాటే గానీ, ఆవిడ చెవి వంటింట్లో ఉంది. కోడలు విజయ కంచం పెట్టిన చప్పుడైంది. గిన్నె మీద మూత తీసిన చప్పుడైంది. తరవాత ఏ చప్పుడూ లేదు.

"తినరా నాన్నా. ఆనపకాయ పులుసు. నీకిష్టమని చేసేను."

"ముందు నువ్వు తిను."

విజయ ఒక ముద్ద తిన్నట్టుంది.

"ఇటువైపు తిన్నావు. అటువైపు తిను," అన్నాడు కళ్యాణ్.

అటువైపూ తిన్నట్టుంది. అయినా కుర్చీ జరిగింది. కళ్యాణ్ వంటింటి గుమ్మం దాటి పెరట్లోకి వచ్చేశాడు. మామ్మ పక్కనున్న పచ్చికాయల రాశిలోంచి ఒకటి ఏరుకుని, నేలలో పాతిన గునపానికి గుచ్చి డొక్క ఒలిచాడు. ఒలిచిన కాయని వెలుతురుకి పెట్టి మూడు కళ్ళూ వేలితో తడిమాడు. సూదితో పొడిచిన జాడ ఏదీ లేదని తేలాక రాతి మీద కొట్టి నీళ్ళు తాగి, కొబ్బరి కొరుక్కు తినడం మొదలెట్టాడు. నాలుగు రోజులనుంచి వాడి తిండి ఇదే.

"పగలని కాయలో ఎవరూ ఏమీ కలపలేరు మామ్మా," అన్నాడు, చిన్నపిల్లకి లెక్క చెప్పినట్టు.

ఆ మాటలో తప్పేముందో ఆదిలక్ష్మికి తెలియలేదు. మాట సరిగ్గానే ఉంది. మనిషే సరిగ్గా లేడు. ఇరవయ్యొక్కేళ్ళవాడు. పాలిటెక్నిక్ చదువుతూ, ఉగాది వెళ్ళినదగ్గర్నుంచి కాలేజీకి వెళ్ళడం మానేశాడు. బస్సులో అందరూ తన గురించే మాట్లాడుకుంటున్నారన్నాడు. ఫోను తనని వింటోందని నీళ్ళ బకెట్లో పడేశాడు. ఇప్పుడు అమ్మ అన్నంలో మందు పెడుతోందంటున్నాడు.

మందు పెట్టడమంటే ఈ సీమలో తెలియనివాళ్ళెవరు? గిట్టనివాళ్ళు తినే తిండిలో ఏదో కలిపి మనిషిని పనికిరాకుండా చేసేస్తారని ఆదిలక్ష్మి చిన్నప్పట్నుంచీ వింటూనే ఉంది. అందుకే మనవడు ఆ మాట అన్న మొదటిరోజు నవ్వలేదు. పప్పు ఏరే నెపంతో వంటింట్లో పీట వేసుకుని రెండు పూటలు కోడలి చేతులకేసే చూస్తూ కూచుంది. ఉప్పు, పసుపు, చింతపండు తప్ప ఆ చేతులు ఇంకేమీ ముట్టుకోలేదు. మధ్యలో రెండుసార్లు విజయ పైటచెంగుతో కళ్ళు తుడుచుకుంది, అంతే.

అయితే అనుమానం అలా ఊరికే పోయేది కాదు, ఒక గదిలోంచి తరిమితే ఇంకో గదిలో దూరుతుంది. అన్నంలో లేకపోతే రక్తంలో ఉండాలి. విజయ చిన్నాన్న కామరాజు పెళ్ళీ పెటాకులూ లేకుండా తనలో తను మాట్లాడుకుంటూ అప్పనపల్లి గట్టు వెంబడి తిరిగి తిరిగి, ఒక వానాకాలం ఎటో పోయాడు. సంబంధం కుదిరేటప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. పెళ్ళయిన ఆర్నెల్లకి తెలిసింది. అప్పట్నుంచి ఆదిలక్ష్మి ఆ సంగతిని మరిచిపోకుండా దాచుకుంది.

ఈ గొడవ ఇప్పుడే తేలాలి. ఎందుకంటే పడగ్గదిలో సుస్మిత ఉంది. కళ్యాణ్ అక్క. తొలిచూలు, నెలలు నిండి పురిటికి పుట్టింటికొచ్చింది. కళ్యాణ్‌కి ఇలా ఎందుకైందో తెలిస్తేనే కదా, ఆ కడుపులో బిడ్డకి కాకుండా చూసుకునేది! రాత్రి తమ్ముడు అరిచిన అరుపులకి సుస్మిత లేచి కూచుని, "నా బిడ్డకి కూడా ఇలా అవుతుందా మామ్మా?" అని అడిగింది. "ఛ! నేనుండగానా?" అంది ఆదిలక్ష్మి.

నేనుండగా అంటే ఆవిడ చేతిలో పంచాంగం ఉండగా అని. వీధి గుమ్మం పక్కన మేకుకి, దారం కట్టి వేలాడుతుంటుంది. తిథి, నక్షత్రం, రాహుకాలం, దుర్ముహూర్తం, అన్నిటికన్నా ముఖ్యంగా వర్జ్యం. ఏ పనీ మొదలెట్టకూడని ఆ గంటన్నర ఏ రోజు ఎప్పుడొస్తుందో అడగడానికి మామిడికుదురు నుంచి కూడా ఫోన్లొస్తాయి. కొత్త బండి తెచ్చుకునేవాళ్ళు, పిల్లని చూసుకోడానికి వెళ్ళేవాళ్ళు, గల్ఫుకి విమానం ఎక్కేవాళ్ళు. విమానాలు వర్జ్యం చూసుకుని ఎగరవు కాబట్టి వాళ్ళకి ఇంట్లోంచి కదిలే టైము చెబుతుంది. సుస్మిత పురిటికి పనికొచ్చే రోజులకి పసుపుతో చుక్కలు పెట్టి ఉంచింది. పనికిరాని గంటలకి కుంకం.

ఆ సాయంత్రం విజయ అరుగు దగ్గరకొచ్చి నిలబడింది.

"అత్తయ్యగారూ, రేపు కళ్యాణ్‌ని అమలాపురం తీసుకెళ్తానండి. అక్కడ పద్మశ్రీగారని మనసుకి సంబంధించిన డాక్టరుగారున్నారట. మీ అబ్బాయి కూడా మస్కట్ నుంచి ఫోన్లో వెళ్ళమన్నారు. పక్కింటి వీరాయమ్మగారిని సుస్మితకి తోడుగా ఉండమంటాను."

"నేనూ వస్తాను."

విజయ ఆశ్చర్యపోయి చూసింది. "మీరెందుకండీ, ఆ బస్సులో..."

"అడిగినవాటికి సమాధానం చెప్పేవాళ్ళు ఒకళ్ళుండొద్దూ?" అంది ఆదిలక్ష్మి. కామరాజు పేరు విజయ నోటినుంచి రాదని ఆవిడకి గట్టి అనుమానం. "పొద్దున్న ఎనిమిదింటికల్లా గడప దాటాలి. తరవాత బాలేదు."

"ఆయ్, అలాగేనండి," అంది విజయ.

బస్సు వైనతేయ వంతెన ఎక్కినప్పుడు కళ్యాణ్ కళ్ళు మూసుకున్నాడు. ఒళ్ళో సంచి, సంచిలో రెండు కొబ్బరికాయలు. వెనకసీట్లో ఎవరో నవ్వితే తల తిప్పి చూశాడు. వాడి పక్కన విజయ కూర్చోబోతే జరిగి, "మామ్మ కూచుంటుంది," అన్నాడు. విజయ వెళ్ళి ముందు సీట్లో కూచుంది. ఆదిలక్ష్మికి లోపల్లోపల కాస్త గర్వంగా అనిపించిన మాట నిజం. ఎవరి రక్తం ఎవరిని నమ్ముతుందో చూశారా, అనిపించింది.

డాక్టరు పద్మశ్రీకి నలభై దాటి ఉంటాయి. ముందు కళ్యాణ్ ఒక్కడితోనే అరగంట మాట్లాడింది. తరవాత వీళ్ళిద్దర్నీ లోపలికి పిలిచింది. కళ్యాణ్ కిటికీ పక్క కుర్చీలోంచి లేవలేదు, సంచి కూడా వదల్లేదు.

"అబ్బాయి కడుపులో ఉన్నప్పట్నుంచి చెప్పండమ్మా. తొందరేం లేదు," అంది డాక్టరు.

ఆదిలక్ష్మి గొంతు సవరించుకుంది. "కోడలి పుట్టింటి వంశంలో ఉందండి. ఈవిడ చిన్నాన్న కామరాజని..."

విజయ తల వంచుకోలేదు. "ఉన్నారండి. మా నాన్నగారి తమ్ముడు. ఇలాగే ఉండేవారు. అప్పట్లో వైద్యం చేయించలేదండి. తాయెత్తులు కట్టేరు," అని తనే పూర్తి చేసింది. ఇన్నేళ్ళు భద్రంగా దాచి తెచ్చిన మాటని కోడలు అంత సుళువుగా చేతుల్లోంచి తీసేసుకోవడంతో ఆదిలక్ష్మికి ఏం చెయ్యాలో తోచలేదు.

డాక్టరు రాసుకుంది. "అది ఒకటి. అదొక్కటే కాదు. కడుపుతో ఉన్నప్పుడు మీకు జ్వరాలేమైనా? తిండి సరిగ్గా తిన్నారా? మనసుకి కష్టం కలిగిందా?"

"అయిదో నెలలో మా ఆయన మస్కట్ వెళ్ళేరండి. ఏజెంటు మోసం చేశాడు. మూడు నెలలు ఉన్నారో లేదో కూడా తెలియలేదు. తిండి సయించేది కాదండి. ఏడుస్తూనే ఉండేదాన్ని."

"పెరిగేటప్పుడు?"

విజయ కొడుకు వైపు చూసింది. వాడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఆరో తరగతిలో హాస్టల్లో వేసేమండి. అక్కడ కొట్టేవారట. ప్రతి ఆదివారం ఫోన్లో ఏడ్చేవాడు, తీసుకెళ్ళిపొమ్మని. అందరి పిల్లలూ అలాగే ఏడుస్తారనుకున్నానండి. చదువు పోతుందని తీసుకురాలేదు. రెండేళ్ళు. అది నా తప్పేనండి." ఆ మాటంటున్నప్పుడు మాత్రం ఆవిడ గొంతు సన్నబడింది.

"పుట్టినప్పుడు వెంటనే ఏడ్చాడా?"

గదిలో పంకా చప్పుడు ఒక్కసారి పెద్దదైనట్టనిపించింది ఆదిలక్ష్మికి.

"లేదండి. నీలంగా ఉన్నాడు. బొడ్డు పేగు మెడకి చుట్టుకుందన్నారు. కాళ్ళు పట్టుకుని తట్టేరు, ఆక్సిజన్ పెట్టేరు. చాలాసేపటికి ఏడ్చేడండి. రెండు రోజులు గాజుపెట్టెలో ఉంచేరు."

"నొప్పులు మొదలైన ఎంతసేపటికి ఆసుపత్రికి వెళ్ళారు?"

"ఆరింటికి మొదలయ్యేయండి. ఎనిమిదింటికి ఉమ్మనీరు పోయింది. రాజోలు వెళ్ళేటప్పటికి పదకొండున్నర."

డాక్టరు కలం ఆపింది. "రెండో కాన్పు కదా. ఉమ్మనీరు పోయాక అంతసేపు ఎందుకాగారు?"

ఆదిలక్ష్మి చెయ్యి ఎవరూ అడక్కుండానే మెడలో తులసిపూసల మీదకి వెళ్ళింది. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత ఊరికే రాలేదు. కోడలి కళ్ళు ఇప్పుడు తనవైపు తిరుగుతాయని చూసింది. తిరగలేదు.

"ఆటో దొరకలేదండి," అంది విజయ.

డాక్టరు అదీ రాసుకుంది. రాసుకుని కళ్ళజోడు తీసింది.

"చూడండమ్మా, ఫలానా దానివల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేరు. రక్తంలో కొంత ఉంటుంది. కడుపులో ఉన్నప్పుడు తల్లి పడ్డ కష్టం కొంత. పుట్టేటప్పుడు ఊపిరందకపోతే అది కొంత. పెరిగేటప్పుడు తగిలిన దెబ్బలు కొంత. ఇవన్నీ ఉండి కూడా చక్కగా ఉన్నవాళ్ళున్నారు. ఏదీ లేకుండా జబ్బుపడ్డవాళ్ళూ ఉన్నారు. జరిగినదాన్ని మార్చలేం. ఇకముందు జరిగేది మన చేతిలో ఉంది. మందులు మానకుండా వెయ్యాలి. అన్నంలో కలిపి మాత్రం పెట్టొద్దు. ఒక్కసారి పట్టుకున్నాడా, ఇక మిమ్మల్ని జన్మలో నమ్మడు." కళ్యాణ్ వైపు తిరిగింది. "ఎవరిస్తే వేసుకుంటావు?"

వాడు సంచిలో కాయల్ని ఒకసారి తడిమి చూసుకున్నాడు. "మామ్మ ఇస్తే," అన్నాడు. "నా ఎదురుగా రేకు చింపాలి."

తిరుగు ప్రయాణంలో ఆదిలక్ష్మి మనసు ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. ఆటో దొరకలేదట! ఆ ఆటో ఆవేళ ఇంటి ముందు వీధిలో నిలబడే ఉంది. డ్రైవరు సత్తిబాబు తువ్వాలు మొహం మీద కప్పుకుని సీట్లో నిద్రపోయాడు కూడాను. ఎనిమిదీ పన్నెండు నుంచి తొమ్మిదీ నలభయ్యారు దాకా వర్జ్యం. అది వెళ్ళగానే గురువారం దుర్ముహూర్తం, పదీ నలభయ్యెనిమిది దాకా. వర్జ్యంలో గడప దాటితే బిడ్డకి అరిష్టమని తనే గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని కూచుంది. లోపల విజయ మంచం కోడు పట్టుకుని మూలుగుతుంటే, "ఇంకొక్క ఇరవై నిమిషాలమ్మా, ఓర్చుకో," అని తనే అంది. బిడ్డ మంచికోసమే. ఇంకెవరికోసం?

ఇవన్నీ తెలిసిన మనిషి ఆటో దొరకలేదంటుందేమిటి?

ఇందులో ఏదో ఉంది. ఏ పుట్టలో ఏ పాముందో! కొడుకు మస్కట్ నుంచి వచ్చేక చెప్పాలని దాచిందేమో. లేకపోతే ఊళ్ళో నలుగురిలో, సరిగ్గా తగలాల్సినప్పుడు తీద్దామని. తను కామరాజుని దాచుకోలేదూ? తన చేతిలో ఉన్న కత్తే ఎదుటివాళ్ళ చేతిలోనూ ఉంటుందని అనుకోవడం మనుషులకి సహజం. ఆదిలక్ష్మి ముందు సీట్లో కూచున్న కోడలి మెడ వెనక చూసింది. జడలో సగం తెలుపు. ఎప్పుడు తెల్లబడిందో తను గమనించలేదు.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాక మొదటి మాత్ర ఇచ్చింది. కళ్యాణ్ ఎదురుగా రేకు చింపింది. వాడు మాత్రని వెలుతురుకి పెట్టి అటూ ఇటూ తిప్పి చూసి, కొబ్బరినీళ్ళతో మింగాడు. మింగి నోరు తెరిచి చూపించాడు, చిన్నప్పుడు పాలు తాగేక చూపించినట్టే. ఆవిడ చింపిన రేకుని మడిచి కొంగున ముడేసుకుంది. ఇరవయ్యొక్కేళ్ళ కింద పీట వేసుకుని కూచున్నది ఎవరో తెలిస్తే, ఈ చేతిలోంచి వీడు తీసుకుంటాడా?

అటక మీద కురిడీకాయల వెనక పాత పంచాంగాలు కట్టకట్టి ఉంటాయి, కాపరానికి వచ్చినప్పట్నుంచి ఏడాదికొకటి. వీరాయమ్మ వెళ్ళిపోయాక నిచ్చెన వేసుకుని ఆ కట్ట దింపింది. తారణ నామ సంవత్సరం. కళ్యాణ్ పుట్టిన గురువారం ఎదురుగా వర్జ్యం కింద పెన్సిలు గీత, తన చేత్తో గీసిందే. పక్కన "మగపిల్లవాడు, 11-42, శుభం" అని తన దస్తూరీ. ఏడవలేదని ఎక్కడా రాసుకోలేదు. నీలంగా ఉన్నాడని రాసుకోలేదు. ఇన్నేళ్ళూ ఎవరైనా అడిగితే, మంచి ఘడియలో పుట్టాడనే చెప్పింది. చెప్పి చెప్పి తనూ నమ్మింది.

కాయ లోపల నీళ్ళున్నాయో లేవో చెప్పగలిగే మనిషి, తన లోపల ఏముందో ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఊపి చూసుకోలేదు. ఆదిలక్ష్మికి సిగ్గు వేసింది. సిగ్గు కన్నా ముందు భయం వేసింది.

గురువారం పొద్దున్న విజయ పడగ్గది కిటికీ కింద కూచుని, కొబ్బరాకులు చీల్చి చీపురికి ఈనెలు తీస్తోంది. కత్తి అంచుని ఆకు మీద ఒక్క లాగు లాగితే ఆకు అటు, ఈనె ఇటు. ఆదిలక్ష్మి వచ్చి ఎదురుగా కూచుని తనూ ఒక ఆకు తీసుకుంది. నాలుగు ఈనెలు తీశాక అడిగింది.

"డాక్టరుగారి దగ్గర అలా ఎందుకు చెప్పేవు?"

"ఎలాగండీ?"

"ఆటో దొరకలేదని."

విజయ చెయ్యి ఆగింది. మళ్ళీ కదిలింది. "ఏం చెప్పమంటారండి మరి?"

"ఉన్నది చెప్పాల్సింది. ఎప్పుడో నా మొహాన కొడదామని దాచుకున్నావా?"

ఈ మాటకి కోడలు అరుస్తుందనుకుంది. ఏడుస్తుందనుకుంది. విజయ ఆ రెండూ చెయ్యలేదు.

"మొదట్లో మీ మీద కోపంగానే ఉండేదండి. మీరు వాడికి ఉగ్గు పెడుతుంటే చూడలేకపోయేదాన్ని. తరవాత్తరవాత నామీద నాకే వచ్చింది కోపం. మీరు పీట వేసుకుని కూచున్నారు, నిజమే. ఆటో వీధిలోనే ఉంది కదండీ. నాకు కాళ్ళున్నాయి కదా. మిమ్మల్ని తోసుకుని నేనెందుకు వెళ్ళలేదు? హాస్టల్నుంచి వాణ్ణి ఎందుకు తీసుకురాలేదు? రోజూ ఇదే అనుకుంటానండి. అందులో మీ వంతెంత, నా వంతెంత అని పంచుకుంటే వాడికి నయమవుతుందా?"

"అయితే ఆ మాటే అక్కడ అనొచ్చుగా."

విజయ తీసిన ఈనెల్ని నేలకి తట్టి సమం చేసింది. పెరట్లో కళ్యాణ్ ఎంత దూరంలో ఉన్నాడో చూసి గొంతు తగ్గించింది.

"వాడు అక్కడే ఉన్నాడండి అత్తయ్యగారూ. నా చేతి అన్నం వాడు తినడు. వాళ్ళ నాన్న ఫోను చేస్తే మాట్లాడడు. ఈ లోకంలో వాడు నమ్మే మనిషి మీరొక్కరే. ఆ ఒక్కరూ కూడా పోతే వాడికి మాత్ర ఎవరిస్తారండి?"

ఆదిలక్ష్మి కోడలికేసి చూసింది. ఇరవయ్యేడేళ్ళనుంచి ఒకే వంటింట్లో తిరుగుతున్న మనిషి. ప్రతి పూటా అనుమానంగా చూసిన మనిషి. ఆ మనిషి గురించి తను అనుకున్నవాటిలో ఒక్కటీ నిజం కాలేదు. చేతిలో ఈనె పుటుక్కున విరిగింది. ఇంకోటి తీసుకుని, ఏమీ జరగనట్టు లాగింది. చీపురు కట్టడం పూర్తయ్యేదాకా ఇద్దరూ అలాగే కూచున్నారు.

శనివారం పొద్దున్న తొమ్మిదీ పావుకి పడగ్గదిలో గ్లాసు కింద పడిన చప్పుడైంది. ఆదిలక్ష్మి వెళ్ళేసరికి సుస్మిత గోడ పట్టుకుని నిలబడి ఉంది. కాళ్ళ కింద నేలంతా తడి.

"ఉమ్మనీరే. నొప్పులెప్పట్నుంచే?"

సుస్మిత పళ్ళు బిగబట్టి ఒక నొప్పి దాటేదాకా ఆగింది. "రాత్రి నుంచి."

"రాత్రి నుంచా? చెప్పలేదేమే పిచ్చిపిల్లా!"

"చెబితే నువ్వు పంచాంగం చూస్తావని," అంది సుస్మిత. ఏడుస్తోంది. "మొన్న కిటికీలోంచి అంతా విన్నాను మామ్మా. నువ్వు ఆపుతావేమోనని భయమేసింది. బాగా దగ్గర పడ్డాక చెబుదామనుకున్నాను."

జీవితమంతా ఒకళ్ళని అనుమానించడమే తెలిసిన మనిషికి, ఒకళ్ళు తనని అనుమానిస్తే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. అదీ ఎత్తుకు పెంచిన పిల్ల. ఆదిలక్ష్మి సుస్మిత నడుము పట్టుకుని మంచం మీద కూచోబెట్టింది.

విజయ తడిచెయ్యి చీరకి తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చింది. నేల చూసింది, కూతుర్ని చూసింది. తరవాత, అలవాటు చొప్పున, అత్తగారి మొహం చూసింది. ఆ చూపులో అడగడం ఉంది. అడగడం వెనక ఇంకోటి కూడా ఉంది. ఈసారి తోసుకునైనా వెళ్తానని.

పంచాంగం మేకుకి వేలాడుతోంది. ఆదిలక్ష్మికి దాన్ని తిప్పి చూడాల్సిన పని లేదు. తొమ్మిదింటి నుంచి పదిన్నర దాకా శనివారం రాహుకాలం. తొమ్మిదీ ఇరవై నుంచి పదీ యాభయ్యైదు దాకా వర్జ్యం. నెల రోజుల కిందటే కుంకం చుక్క పెట్టింది. ఈ పూట ఒక్కటీ కాకుండా చూడు తండ్రీ అని దణ్ణం కూడా పెట్టుకుంది. ఆ నమ్మకం రెండు రోజుల్లో ఎక్కడికీ పోలేదు. వర్జ్యంలో గడప దాటిస్తే ఏమవుతుందోనని భయం. దాటించకపోతే ఏమైందో తెలుసు.

"సత్తిబాబుకి ఫోన్ చెయ్యి," అంది విజయతో. "వెంటనే రమ్మను."

సత్తిబాబు ఇల్లు ఆ వీధి చివరే. అయిదు నిమిషాల్లో ఆటో వచ్చి ఆగింది. ఇప్పుడతనికి మీసం తెల్లబడింది. దిగి గుమ్మం దగ్గరకొచ్చి, ఆదిలక్ష్మిని చూసి చేతులు కట్టుకున్నాడు.

"అమ్మగారూ, వర్జ్యం వచ్చేసినట్టుందండి. పదకొండింటికి బండి తిప్పుకుని రమ్మంటారా?" అని మర్యాదగా అడిగాడు. ఆ ఇంటి పద్ధతి ఎరిగిన మనిషి.

"వర్జ్యం మనకెందుకయ్యా, ముందు ఎక్కించు," అంది ఆదిలక్ష్మి. అని, ఎవరూ అడక్కుండా తనే ముందు గడప దాటింది. ఏదైనా తగిలితే తనకే తగలనీ అని మనసులో అనుకుంది. వెనక్కి తిరిగి సుస్మితకి చెయ్యి అందించింది.

సుస్మితని మధ్యలో కూచోబెట్టుకుని అటు విజయ, ఇటు ఆదిలక్ష్మి కూచున్నారు. కళ్యాణ్ పెరట్లోంచి వచ్చి ఆటో పక్కన నిలబడ్డాడు. చేతిలో ఒలిచిన కొబ్బరికాయ. మూడు కళ్ళూ తడిమి చూసినట్టున్నాడు.

"ఇది అక్కకి," అని మామ్మ ఒళ్ళో పెట్టాడు. "ఎవరూ ముట్టుకోలేదు. మంచిదే."

"నువ్వూ రా నాన్నా," అంది విజయ మెల్లిగా. వాడు తల్లికేసి చూడలేదు. కానీ వెళ్ళి సత్తిబాబు పక్కన కూచున్నాడు.

రాజోలు దాకా ఆదిలక్ష్మి గడియారం చూడలేదు. ఒక చేత్తో కాయ, ఒక చేత్తో మనవరాలి అరచెయ్యి పట్టుకుంది. నొప్పొచ్చినప్పుడల్లా సుస్మిత ఆవిడ వేళ్ళు విరిగిపోయేలా నొక్కింది. నొక్కనీ అనుకుంది.

ఆసుపత్రిలో సుస్మితని నేరుగా లోపలికి తీసుకెళ్ళిపోయారు. వరండాలో బల్ల మీద ముగ్గురూ కూచున్నారు. కళ్యాణ్ గోడవైపు తిరిగి ఏదో గొణుక్కుంటున్నాడు. మూడు రోజుల మాత్రలకి ఏమీ మారదని డాక్టరు ముందే చెప్పింది, వారాలు పడుతుందంది. ఆదిలక్ష్మి చెవి తలుపు వైపే ఉంది. కాయలో చప్పుడు వినే చెవి. లోపల ఎవరో గట్టిగా ఏదో అన్నారు. సుస్మిత ఒక్క కేక వేసింది. తరవాత ఏ చప్పుడూ లేదు.

ఆ నిశ్శబ్దం ఆవిడకి తెలుసు. ఇదే ఊళ్ళో, ఇలాంటి వరండాలోనే, ఒకసారి విన్నది. చూడకుండానే పక్కకి చెయ్యి చాపింది. విజయ చెయ్యి అప్పటికే అక్కడుంది.

కేర్‌మని ఏడుపు వినిపించింది. గట్టిగా, కోపంగా, ఆగకుండా. విజయ బల్ల మీద వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. ఆదిలక్ష్మి కళ్ళంట నీళ్ళు ధారగా కారిపోతున్నా తుడుచుకోలేదు. కళ్యాణ్ గోడవైపు నుంచి తల తిప్పి, "పాప ఏడుస్తోంది," అన్నాడు, అదేదో వార్త అన్నట్టు.

కాసేపటికి నర్సు దుర్గాశ్రీ కాగితం పట్టుకుని బయటికొచ్చింది. "ఆడపిల్లండి. తల్లీ పిల్లా క్షేమం. పది నలభైకి," అంటూ రాసుకుంది. రాస్తూ ఆదిలక్ష్మి మొహంలోకి చూసి గుర్తుపట్టింది. "మీరు ఆదిలక్ష్మిగారు కదండీ! మా అమ్మ ఏ పనైనా మీకు ఫోన్ చేసి అడిగే చేస్తుందండి. ఇవాళ వర్జ్యం పదీ యాభయ్యైదు దాకా అని పొద్దున్నే చెప్పింది. మీరేంటండీ, ఇంత తొందరగా వచ్చేసేరు?"

ఆదిలక్ష్మి కోడలి చెయ్యి వదల్లేదు.

"ఆటో దొరికిందండి," అంది.